తొలి విమానపు ఇంజను చేసిన చార్లెస్ టేలరు

1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున, కిట్టీహాక్ సమీపపు ఇసుక నేలపై ఒక యంత్రము మనుష్యుని మోసికొని 12 సెకనులు గాలిలో నిలిచెను. ఆ యశము విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులకు దక్కినది. అది న్యాయమే. కాని యంత్రమును నడిపిన ఇంజనును చేసినవాడు ఆ దినమున అచ్చట లేడు. వందల మైళ్ల దూరమున, ఒహైయో రాష్ట్రపు డేటన్ నగరములో, సోదరుల సైకిళ్ల దుకాణమును చూచుకొనుచుండెను. అతడే చార్లెస్ టేలరు.

టేలరు 1868 మే 24వ తేదీన ఇల్లినాయి రాష్ట్రములోని సెర్రో గోర్డోలో జన్మించెను. పండ్రెండవ యేటనే బడి విడిచి కష్టజీవనమున ప్రవేశించెను. 1896లో డేటన్ చేరి, వ్యవసాయపు పరికరములు చేయు కార్ఖానాలో పనిచేసి, పిదప సొంతముగా చిన్న యంత్రశాల పెట్టుకొనెను. రైట్ సోదరులు తమకు కావలసిన సామగ్రి కొంత అతనిచే చేయించుకొనుచుండిరి. పనితనము మెచ్చి, 1901లో గంటకు 30 సెంట్ల కూలిపై అతనిని తమ దుకాణమున చేర్చుకొనిరి.

1902లో గ్లైడరుతో విజయము పొందిన సోదరులు, తేలికయైన ఇంజను కొరకు పెక్కు కంపెనీలకు వ్రాసిరి. తగినది ఎచ్చటను దొరకలేదు. భారము టేలరుపై పడెను. ఒక మోటారుకారు ఇంజనును బాగుచేయ యత్నించిన అనుభవము తప్ప అతనికి పెట్రోలు ఇంజనులతో పరిచయము లేదు. ఉన్న సాధనములు ఒక లేతు, బెజ్జములు వేయు యంత్రము, చేతి పనిముట్లు. అయినను ఆరు వారములలో నాలుగు సిలిండరుల ఇంజను సిద్ధమయ్యెను. క్రాంకుషాఫ్టు కొరకు సుమారు 100 పౌనుల ఉక్కు దిమ్మెను తెచ్చి, వరుసగా బెజ్జములు వేసి, ఉలితో కొట్టి, లేతుపై త్రిప్పి, 19 పౌనులకు దింపెను. 1903 ఫిబ్రవరిలో పరీక్షించునపుడు బేరింగులు బిగిసికొని అల్యూమినియపు ఇంజనుపెట్టె పగిలెను. క్రొత్తది పోతపోయించి మరల పని సాగించిరి. ఆ ఇంజను మొదట 16 అశ్వశక్తి నిచ్చి, వేడెక్కిన పిమ్మట 12కు దిగెడిది.

ఇంజనుకు పెట్రోలు ఎంత అవసరమో నిప్పురవ్వయు అంత అవసరము. దానికి విద్యుత్తు ఎచ్చటినుండి తేవలెను? బ్యాటరీలు బరువు, వాడినకొలది శక్తి తరిగిపోవును. మాగ్నెటో అయినచో ఇంజను తిరుగుచున్నంతసేపు విద్యుత్తును పుట్టించుచుండును. ఇంజను తిరుగనిదే అదియు పనిచేయదు. అందువలన రెండిటికిని చెరియొక పని నప్పగించిరి. మాగ్నెటోను విమానముపై నుంచి, ఫ్లైవీలు అంచునకు ఒరసికొని తిరుగునట్లు అమర్చిరి. నాలుగు పొడి బ్యాటరీలు, ఒక కాయిలు నేలమీదనే ఉంచిరి. వానితో ఇంజనును ఆరంభించి, అది అందుకొన్న పిమ్మట వానిని విడదీసెడివారు. ఎగురుటకు అక్కరలేని బరువు నేలమీదనే నిలిచెను.

ఇంటి షెడ్డులో స్వయముగా విమానము కట్టుకొనువారికి నేటికిని ఈ లెక్క తప్పలేదు. వారిలో కొందరు మాజ్డా కార్ల రోటరీ ఇంజనును వాడుచున్నారు. దాని పెట్రోలు పంపులకును, నిప్పురవ్వకును విద్యుత్తే ఆధారము. ఆల్టర్నేటరు ఆగినచో, బ్యాటరీలో శక్తి ఉన్నంతవరకే ఇంజను తిరుగును. కావున తేలికయని చిన్న ఆల్టర్నేటరును ఎన్నుకొనుట అపాయము. అవసరమునకు మించినదానిని ఎన్నుకొనుట వృథా భారము. పంపులు, దీపములు, రేడియో మొదలగువాని ఖర్చు కూడి, దానిపై కొంత మిగులు చూచుకొనవలెను. ఈ ఇంజనుల వేగము హెచ్చు గనుక కప్పీ పరిమాణమును సరిచూడవలెను. లేనిచో ఆల్టర్నేటరు మితిమీరి తిరిగి చెడును. సాధనములు మారినను, టేలరు బల్ల యొద్ద పుట్టిన ప్రశ్న మారలేదు.

విమానము నడుపుట నేర్వవలెనని టేలరు కోరెను. సోదరులకు అతడు యంత్రశాలలోనే కావలసియుండెను. ఆ కోరిక తీరలేదు. 1911లో కాల్ రాడ్జర్స్ అను వైమానికుడు అమెరికా ఖండమును తూర్పునుండి పడమరకు దాటునపుడు టేలరు మెకానికుగా రైలుపై వెంట వెళ్లెను. దారిలో విమానము పలుమారులు కూలెను. ప్రతిమారును బాగుచేసి మరల ఎగురవేసిరి.

1912లో విల్బర్ మరణించెను. 1915లో ఆర్విల్ కంపెనీని విక్రయించెను. 1928లో టేలరు కాలిఫోర్నియాకు తరలెను. భార్య గతించెను. సాల్టన్ సరస్సు ప్రాంతమున కొన్న భూమిపై పెట్టిన ధనము ఆర్థికమాంద్యములో నశించెను. తొలి విమానపు ఇంజను చేసినవాడు లాస్ ఏంజిలిస్‌లోని విమాన కార్ఖానాలో గంటకు 37 సెంట్ల కూలికి పనిచేసెను. తోటివారికి అతడెవరో తెలియదు. హెన్రీ ఫోర్డు రైట్ సోదరుల దుకాణమును డియర్‌బార్న్‌కు తరలించి పునరుద్ధరించునపుడు ఇతనిని వెదకి పిలిపించెను. 1948లో మరణించిన ఆర్విల్ తన మరణశాసనములో ఇతనికి సాలుకు 800 డాలర్లు ఏర్పాటు చేసెను. అదియు చాలలేదు. 1955లో టేలరు ధర్మాసుపత్రి వార్డులో ఉన్నట్లు తెలిసి, విమాన పరిశ్రమలోనివారు చందాలు పోగుచేసి మంచి వైద్యాలయమునకు మార్పించిరి. 1956 జనవరి 30వ తేదీన, ఆర్విల్ మరణించిన తేదీనాడే, 87వ యేట అతడు కన్ను మూసెను.

ఇపుడు మే 24వ తేదీని అమెరికాలో విమాన మెకానిక్కుల దినముగా పాటించుచున్నారు. ఏబదియేండ్లు ఆ వృత్తిలో గడిపినవారికి అచ్చటి ప్రభుత్వ విమానయాన శాఖ టేలరు పేర సత్కారము చేయుచున్నది. తొలి రవ్వ నిచ్చిన బ్యాటరీలవలె అతడును నేలమీదనే మిగిలెను. పైకెగసిన దానిని చూచు లోకము, క్రింద నిలిచినవానిని తలచుకొనుటకు ఇంత కాలము పట్టెను.