సాగరతీర నగరమున స్వామి వివేకానందులు

1900వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో స్వామి వివేకానందులు పసిఫిక్ మహాసముద్ర తీరమందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును చేరిరి. అమెరికాకు అది వారి రెండవ యాత్ర. మే నెలాఖరు వరకు ఆ నగరమునందును, దాని పరిసరములందును వారు నివసించిరి.

1893లో చికాగో సర్వమత మహాసభయందు మాటలాడిన నాటి దేహదార్ఢ్యము అప్పటికి వారికి లేదు. మధుమేహము, ఉబ్బసము శరీరమును క్రుంగదీసినవి. గంగాతీరమున బేలూరు మఠము వెలసి రెండేండ్లైనను నిండలేదు. దాని పోషణకు ధనము కావలసియుండెను. అందుచే విశ్రాంతి నెంచక ఉపన్యాసము లిచ్చుచుండిరి. టర్క్ వీధిలోని చిన్న అద్దెయింట స్వయముగా వంట చేయుచు, ఉదయములందు జిజ్ఞాసువులకు ధ్యానము నేర్పుచుండిరి. ఏప్రిల్ 14న ఆ నగరమున వేదాంత సమాజము స్థాపింపబడెను.

కార్యమిట్లు వృద్ధి పొందుచుండగా వారి మనస్సు దానినుండి విడివడుచుండెను. ఏప్రిల్ 18న, అఖాతమున కావలనున్న అలమీడానుండి, కుమారి మెక్లౌడ్‌కు వ్రాసిన లేఖలో ఈ స్థితి తేటపడుచున్నది. లోకమెరిగిన ఆచార్యుడు మరుగుపడగా, దక్షిణేశ్వరమున మర్రిచెట్టు క్రింద గురుదేవుల పలుకు లాలించిన బాలుడే అందు మనకు గోచరించును.

అయినను కర్తవ్యమును ఉపేక్షింపలేదు. ఒక భక్తురాలు కాలిఫోర్నియాలో 160 ఎకరముల భూమి నర్పింపగా, న్యూయార్కునుండి తురీయానందస్వామిని పంపి, ఆశ్రమస్థాపన భారమును వారికి అప్పగించిరి. ఆ శాంతి ఆశ్రమమును తాము చూడనే లేదు. 1902 జూలై 4న దేహమును చాలించిరి.

విత్తనము నాటి, నీడకై వేచియుండక సాగిపోవుట కర్మయోగుల మార్గము.