గోడలు దాటిన వాయులీనం

న్యూయార్కులో అద్దె ఇంటి కోసం తిరుగుతున్న ఒక జంటకు ఓ ఇంటావిడ వాటా చూపించింది. తాను యూదులకు మాత్రం ఇల్లు ఇవ్వనని, అదొక సుగుణమన్నట్టు చెప్పింది. ఆ జంట యూదులే. వినగానే ఆ ఇల్లాలు, తన కడుపున పుట్టబోయే బిడ్డ జాతి లోకానికి పేరులోనే తెలియాలని నిశ్చయించుకున్నది. 1916 ఏప్రిల్ 22న పుట్టిన ఆ పిల్లవాడికి యెహూది అని పేరు పెట్టారు. యెహూది అంటే యూదుడని అర్థం. ఆ పిల్లవాడే ప్రపంచ ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు యెహూది మెనుహిన్.

ఏడేళ్ళ వయసులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద వాద్యబృందంతో కలిసి వాయించాడు. 1929లో, ఇంకా పదమూడేళ్ళు నిండకుండానే, బెర్లిన్ నగరంలో బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ రచనలు మూడూ ఒకే రాత్రి వాయించి జర్మనులను నివ్వెరపరిచాడు. ఆ తరువాత నాలుగేళ్ళకే అక్కడ హిట్లర్ గద్దెనెక్కాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో మెనుహిన్ మిత్రరాజ్యాల సైనికుల కోసం 500కు పైగా కచేరీలు చేశారు. 1945 జూలైలో బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి వెళ్ళారు. పియానో మీద బెంజమిన్ బ్రిటెన్ తోడు రాగా, చావు అంచు దాకా వెళ్ళి బతికి బయటపడ్డవారి ముందు వాయించారు.

అసలు పరీక్ష 1947లో వచ్చింది. హిట్లర్ కాలంలో దాదాపు చివరిదాకా జర్మనీలోనే ఉండిపోయిన సంగీత నిర్వాహకుడు ఫుర్ట్‌వెంగ్లర్‌తో కలిసి మెనుహిన్ బెర్లిన్‌లో వాయించారు. ద్వేషాన్ని ఎవరో ఒకరు ముందు ఆపాలి కదా అన్నది ఆయన ఉద్దేశం. సాటి యూదులు మండిపడ్డారు. శిబిరాల్లో తలదాచుకుంటున్నవారి కోసం కచేరీ పెడితే వాళ్ళు రానే లేదు. వాళ్ళ కోపం తప్పని మనమెలా అంటాం? అయినవాళ్ళందరినీ పోగొట్టుకున్న మనుషులు వాళ్ళు. మెనుహిన్ మొహం చాటేయలేదు. తానే శిబిరానికి వెళ్ళి, వాళ్ళ ఎదుట నిలబడి తన మనసులోని మాట చెప్పుకున్నారు.

1952లో నెహ్రూ ఆహ్వానం మీద మన దేశం వచ్చారు. కచేరీల రాబడిని కరువు సహాయానికి ఇచ్చేశారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట్లో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం విని ఎంతో మెచ్చుకున్నారు. విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చిన నాయుడు గారి వేళ్ళలో, అదే నాలుగు తీగల వాద్యం మరో భాష మాట్లాడటం ఆయన విన్నారు.

ఆ పర్యటనలోనే పండిట్ రవిశంకర్‌తో స్నేహం కుదిరింది. 1966లో ఇంగ్లండులోని బాత్ ఉత్సవంలో ఇద్దరూ కలిసి వాయించారు. అప్పటికి మెనుహిన్‌కు యాభై ఏళ్ళు, లోకమంతా పేరు. అయినా రాగం దగ్గర కొత్త విద్యార్థిలాగే కూర్చున్నారు. మా ఊళ్ళో కొత్త ఎద్దును పాత ఎద్దు జతన కాడికి కడితే మొదట్లో సాలు వంకర పోతుంది. ఒకదాని నడక ఒకటి కనిపెట్టుకున్నాకే తిన్నగా వస్తుంది. వీళ్ళ సంగతీ అంతే. 1967 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, ఐక్యరాజ్యసమితిలో ఒక యూదుడి వాయులీనం, ఒక హిందువు సితారు ఒకే వేదిక మీద మోగాయి. మరుసటి ఏడాదికి అంతర్జాతీయ అవగాహనకు ఇచ్చే నెహ్రూ పురస్కారం మెనుహిన్‌కు లభించింది.

1991లో ఇజ్రాయెల్ పార్లమెంటులో వుల్ఫ్ బహుమతి అందుకుంటూ, పాలస్తీనా ప్రజల పట్ల ఆ ప్రభుత్వం తీరును అక్కడే విమర్శించారు. మళ్ళీ సొంతవాళ్ళకే కోపం తెప్పించారు. 1999 మార్చి 12న, పసితనంలో జేజేలు కొట్టిన ఆ బెర్లిన్ నగరంలోనే కన్నుమూశారు.

మన కళాశాలల్లోనూ సర్వమత ప్రార్థనలు, సమైక్యతా గీతాలు జరుగుతుంటాయి. చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతాం. భౌతికశాస్త్రం చదివే మనకు సితారులోని తరపు తీగల సంగతి తెలిసే ఉంటుంది. వాటిని ఎవరూ మీటకపోయినా, పైతీగ తమ స్వరం పలికితే అవీ పలుకుతాయి. కానీ ముందే వాటిని శ్రుతి చేసి ఉంచాలి. మెనుహిన్ జీవితమంతా ఆ శ్రుతి చేసే పనే. అందులో మెప్పు తక్కువ, మాటపడటం ఎక్కువ. మిత్రులారా, వేదిక దిగాక మనకు మిగిలే పని కూడా అదే.