ఈజింగ్ మాస్టారి అయస్కాంతం

కాగితాల కట్టలా పొరలుపొరలుగా ఉండే స్ఫటికాల్లో అయస్కాంతత్వం గురించి ఏ పుస్తకం తెరిచినా "ఐసింగ్ మోడల్" అన్న మాట ఎదురవుతుంది. చాలాకాలం నేను దాన్నొక సూత్రం పేరుగానే చూశాను. ఆ పేరు వెనక, మనలాగే ఈ దేశానికి వలసొచ్చిన ఒక మాస్టారు ఉన్నారని ఆలస్యంగా తెలిసింది.

ఎర్నెస్ట్ ఈజింగ్ (మనం ఐసింగ్ అంటాం) 1900 మే 10న జర్మనీలోని కొలోన్‌లో పుట్టారు. హాంబర్గ్‌లో గురువు విల్‌హెల్మ్ లెంజ్ ఆయనకొక లెక్క ఇచ్చారు. పైకో కిందికో మాత్రమే చూసే బుల్లి అయస్కాంతాలు, ఒక్కొక్కటీ పక్కదాని మాట వింటుంది. అన్నీ కలిసి ఒకేవైపు తిరుగుతాయా? ఒకే వరసలో పేరిస్తే, కాస్త వేడి ఉన్నా తిరగవని 1924లో ఈజింగ్ తేల్చారు. మధ్యలో ఒక్కచోట తిరగబడితే చాలు, వరస అక్కడే తెగిపోతుంది. ఆ లెక్క సరైనదే. ఘనపదార్థంలోనూ అంతే అనుకోవడమే పొరపాటు.

1933లో హిట్లర్ రాగానే, యూదుడు కావడంతో ఉద్యోగం పోయింది. పోట్స్‌డామ్ దగ్గర కాపుత్‌లో యూదు పిల్లల బడిలో పాఠాలు చెప్పుకున్నారు. 1938 నవంబరులో ఆ బడినీ ధ్వంసం చేశారు. 1939లో భార్య యోహానాతో లక్సెంబర్గ్ చేరి, అమెరికా రావాలనుకుంటూ యుద్ధంలో చిక్కుకుపోయారు. నాజీలు ఆయనచేత రైలు పట్టాలు ఊడదీయించే వెట్టిచాకిరీ చేయించారు.

ఈలోగా 1936లో పైయర్ల్స్, అయస్కాంతాలు ఒక తలం మీద పరుచుకుని ఉంటే చలికి ఒద్దికగా నిలబడతాయని చూపించారు. 1944లో యేల్‌లో ఆన్‌సాగర్ ఆ లెక్కని పూర్తిగా సాధించారు. ఈజింగ్‌కి ఇవేవీ తెలియవు.

1947లో, నలభయ్యేడో ఏట, అమెరికాలో దిగారు. మరుసటేడు ఇల్లినాయ్‌లోని పియోరియాలో బ్రాడ్లీ విశ్వవిద్యాలయంలో చేరి, 1976 దాకా పాఠాలు చెప్పారు. తన పేరు ప్రసిద్ధమైందని 1949లోగానీ ఆయనకి తెలియలేదు! అయినా మళ్ళీ ఆ పరిశోధన జోలికి పోలేదు. 1998 మే 11న, తొంభై ఎనిమిదో పుట్టినరోజు మర్నాడు, కన్నుమూశారు.

2017లో సియాటిల్, ఎమ్ఐటీ శాస్త్రజ్ఞుల బృందం క్రోమియం ట్రైఅయోడైడ్‌ని ఒక్క పొరగా ఒలిచి చూసింది. 45 కెల్విన్‌ల దాకా అందులో అయస్కాంతత్వం నిలిచింది, అదీ పైకో కిందికో చూసే ఈజింగ్ తరహాలోనే. మరుసటేడు మరో బృందం ఆ పొరలో ఎలక్ట్రాన్లు చేర్చితే ఆ ఒద్దిక సడలుతుందనీ, తగ్గిస్తే బలపడుతుందనీ చూపించింది.

బతుకు ఎన్నిసార్లు తెగిపోయినా ఆయన మళ్ళీ పలకా బలపం పట్టారు. మీరెప్పుడైనా పియోరియా మీదుగా వెళ్తే ఆ మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి.