చిత్తూరు సుబ్రహ్మణ్యం పిళ్ళై

మదనపల్లెకు సమీపాన గల పుంగనూరులో 1898లో సుబ్రహ్మణ్యం పిళ్ళై జన్మించారు. కంచిలో నాయనా పిళ్ళై శిష్యరికం ఆయన జీవితాన్ని తీర్చిదిద్దింది. లయజ్ఞానంలో అసమానులైన ఆ గురువు కచేరీలలో మృదంగం, ఘటం, కంజీర, కొన్నక్కోలు ఒక్కుమ్మడిగా మ్రోగేవి. వాటి నడుమ తాళం తప్పక గురువుతో గొంతు కలపడం సామాన్య విషయం కాదు. పిళ్ళై ఆ పనిని ఏళ్ల తరబడి చేశారు.

గురువు గ్రామఫోనుకు పాడలేదు. 1934లో ఆయన కన్నుమూయగా, ఆ బాణీకి శిష్యుల గొంతులే ఆధారమైనవి. పిళ్ళై మాత్రం రికార్డులిచ్చారు. వాటిలో ‘మధురానగరిలో’ జావళి మిక్కిలి ప్రచారం పొందింది. మద్రాసు సంగీత అకాడమీ 1954లో ఆయనను ‘సంగీత కళానిధి’గా గౌరవించింది. ప్రసిద్ధ గాయకుడు మదురై సోము ఆయన శిష్యుడే. 1975లో పిళ్ళై పరమపదించారు. ఆయన పేరుతో నిలిచిన ఊరు చిత్తూరు; పుట్టిన పుంగనూరు పేరు అందులో లేదు.