తొలి షోలో గోల గోల.. రెండేళ్లకే వరల్డ్ నంబర్ 2! 'స్లో సినిమా' మాస్టర్ ఆంటోనియోనీ కథ ఇదీ..

సినిమా నత్తనడకన సాగితే మనమేం చేస్తాం? ఫోన్ తీస్తాం. లేదంటే ఫార్వర్డ్ కొట్టేస్తాం. 1960 మే నెలలో కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ ఛాన్స్ లేదు. అందుకే హాల్లో జనం అరిచారు, ఎగతాళిగా నవ్వారు. తెరపై నడుస్తున్నది ఇటలీ దర్శకుడు మైకెలాంజెలో ఆంటోనియోనీ తీసిన 'లావెంతూరా'. హీరోయిన్ మోనికా విట్టి ఏడుస్తూ బయటకు వచ్చేశారు.

ఎవరీ ఆంటోనియోనీ?

1912 సెప్టెంబర్ 29న ఉత్తర ఇటలీలోని ఫెరారాలో పుట్టారు. బొలోన్యా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివినా మనసంతా సినిమాపైనే. లోకల్ పేపర్‌కు రివ్యూలు రాశారు. రోమ్ వెళ్లి సినిమా పత్రికలో పనిచేశారు. పో నది ఒడ్డున బతికే పేదలపై డాక్యుమెంటరీ తీశారు. మొదటి ఫీచర్ ఫిల్మ్ 1950లో వచ్చింది. అప్పటికే ఆయనకు 38 ఏళ్లు.

ఇంతకీ అంత గోల ఎందుకు?

'లావెంతూరా' అంటే సాహసం. కొందరు స్నేహితులు సిసిలీ దగ్గర ఓ రాళ్ల దీవికి షికారుకెళ్తారు. అక్కడ అన్నా అనే అమ్మాయి మాయమవుతుంది. ప్రియుడు సాండ్రో, ఫ్రెండ్ క్లాడియా ఆమెను వెతుకుతారు. వెతుకుతూనే ఒకరికొకరు దగ్గరైపోతారు. మరి అన్నా ఏమైంది? సినిమా చివరిదాకా చెప్పరు. రెండు గంటల 20 నిమిషాలకు పైగా కూర్చున్నవాళ్లకు ఒళ్లు మండింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. సగం సినిమా అయ్యాక మనకో విషయం తడుతుంది. అన్నా గురించి మనమూ ఆలోచించడం మానేశాం! ఒక మనిషి లేకుండా పోతే మిగతావాళ్లు ఎంత తేలిగ్గా మర్చిపోతారో ఆయన మాటల్లో చెప్పలేదు, మనచేత మర్చిపోయేలా చేశారు. అలా మర్చిపోవడానికి టైం పడుతుంది. అందుకే ఆ నిదానం.

సీన్ రివర్స్!

గోల జరిగిన మర్నాడే రోసెల్లినీ సహా పలువురు దర్శకులు, విమర్శకులు సినిమాను మెచ్చుకుంటూ సంతకాలతో లేఖ ఇచ్చారు. అదే ఫెస్టివల్‌లో జ్యూరీ ప్రైజ్ దక్కింది. 1962లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక జరిపిన విమర్శకుల పోల్‌లో 'సిటిజన్ కేన్' తర్వాత రెండో స్థానం కొట్టేసింది.

ఆ తర్వాత 'లా నోత్తే'కు బెర్లిన్‌లో, 'రెడ్ డెజర్ట్'కు వెనిస్‌లో, లండన్‌లో తీసిన 'బ్లోఅప్'కు కేన్స్‌లో టాప్ అవార్డులు వచ్చాయి.

మాట పోయినా ఆగలేదు

1985లో పక్షవాతం వచ్చి మాట దాదాపుగా పోయింది. అయినా 1995లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ సాయంతో మరో సినిమా తీశారు. అదే ఏడాది గౌరవ ఆస్కార్ అందుకున్నారు. 2007 జూలై 30న 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ పోయిందీ అదే రోజు!

కొత్తగా చూసేవాళ్లు 'బ్లోఅప్'తో మొదలుపెట్టొచ్చు. తను తీసిన ఫొటోలో హత్య జరిగిందేమోనని అనుమానపడే ఫొటోగ్రాఫర్ కథ కాబట్టి పట్టు చిక్కుతుంది. తర్వాత 'లావెంతూరా' చూడండి. తర్వాత ఏమవుతుందా అని ఎదురుచూడటం మానేసి, తెరపై మనుషుల ముఖాలు, వాళ్ల మధ్య దూరం గమనించండి. ఒక్కటే కండిషన్.. ఫోన్ పక్కన పెట్టేయాలి!