జూలియస్ ఎడ్గర్ లిలియన్‌ఫెల్డ్

జూలియస్ ఎడ్గర్ లిలియన్‌ఫెల్డ్ (ఏప్రిల్ 18, 1882 - ఆగష్టు 28, 1963) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త. క్షేత్ర ప్రభావ ట్రాన్సిస్టరు అనే భావనకు మొట్టమొదట పేటెంటు పొందినవాడు. నేటి కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో కోట్ల సంఖ్యలో ఇమిడి ఉన్న ట్రాన్సిస్టర్లు ఈ సూత్రము మీదనే పనిచేస్తాయి. అయితే ఆ భావన ఆచరణలోకి రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

బాల్యము, విద్య

లిలియన్‌ఫెల్డ్ నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని లెంబెర్గ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ నగరం ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వీవ్. 1905లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, తరువాత లీప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణ నాళాలపై పరిశోధనలు చేశాడు. 1920వ దశకంలో అమెరికాకు వెళ్ళి స్థిరపడ్డాడు. 1926లో బియాట్రిస్ గిన్స్‌బర్గ్‌ను వివాహమాడాడు.

పేటెంట్లు

1925 అక్టోబరు 22న కెనడాలోను, 1926 అక్టోబరు 8న అమెరికాలోను ఇతడు పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అమెరికా పేటెంటు 1930 జనవరి 28న లభించింది. రాగి సల్ఫైడు పలుచని పొరలో ఒక కొన నుండి మరొక కొనకు ప్రవహించే విద్యుత్తును, ప్రక్కనున్న మూడవ ఎలక్ట్రోడు తన విద్యుత్ క్షేత్రంతో అదుపు చేయాలన్నది ఇందలి సారాంశం. దీనిపై ఇతడు శాస్త్ర పత్రికలలో వ్యాసమేదీ ప్రచురించలేదు.

ఛానల్‌లో ఆవేశము, ప్రవాహము

ఈ సూత్రాన్ని నేటి సిలికాన్ ట్రాన్సిస్టరులో సులభంగా గ్రహించవచ్చును. గేటుకు, సిలికాన్‌కు మధ్య విద్యుద్బంధక పొర ఉంటుంది. ఈ మూడూ కలసి ఒక కెపాసిటరు వలె పనిచేస్తాయి. గేటుకు తగినంత ధన వోల్టేజి ఇస్తే సిలికాన్ ఉపరితలానికి ఎలక్ట్రాన్లు చేరి ఛానల్ ఏర్పడుతుంది. డ్రెయిన్‌కు ధన వోల్టేజి ఇచ్చినప్పుడు అవి సోర్సు నుండి డ్రెయిన్ వైపు కదులుతాయి. డ్రెయిన్‌ను సమీపించేకొద్దీ గేటుకు, ఛానల్‌కు మధ్య వోల్టేజి తేడా తగ్గి ఆవేశం పలుచబడుతుంది. ప్రవాహం అంతటా ఒకటే కనుక, లోతు తగ్గినచోట కాలువ నీరు వడిగా పారినట్లు, అక్కడ ఎలక్ట్రాన్లు వేగంగా కదులుతాయి. డ్రెయిన్ వోల్టేజి ఒక హద్దు దాటితే ఆ కొసన ఛానల్ దాదాపు హరించుకుపోతుంది. అయినా ప్రవాహం ఆగదు. అక్కడి బలమైన క్షేత్రం ఎలక్ట్రాన్లను డ్రెయిన్‌లోనికి లాగివేస్తుంది. ఆపైన వోల్టేజిని పెంచినా ప్రవాహం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది.

ఆచరణలో అవరోధము

1945లో బెల్ ప్రయోగశాలలో విలియం షాక్లీ ఇదే ప్రభావానికై ప్రయత్నించి విఫలుడయ్యాడు. క్షేత్రం ఆకర్షించిన ఆవేశం ఉపరితలంపై చిక్కుకొని, ప్రవహించలేకపోతున్నదని 1946లో జాన్ బార్డీన్ వివరించాడు. సిలికాన్‌పై పెంచిన ఆక్సైడు పొరతో ఈ చిక్కును తగ్గించి, 1960 నాటికి మహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ పనిచేసే పరికరాన్ని రూపొందించారు.

గుర్తింపు

లిలియన్‌ఫెల్డ్ పేటెంట్లు ముందే ఉన్నందున, క్షేత్ర ప్రభావ భావనపై బెల్ సంస్థ విస్తృతమైన హక్కు కోరలేకపోయింది. ట్రాన్సిస్టరు పరిశోధనలకు 1956 నోబెల్ బహుమతి షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్‌లకు దక్కింది. లిలియన్‌ఫెల్డ్ 1963లో వర్జిన్ దీవులలో మరణించాడు. భార్య వ్రాసి ఉంచిన ఆస్తితో అమెరికన్ ఫిజికల్ సొసైటీ 1988లో ఇతని పేరిట ఒక బహుమతిని నెలకొల్పింది.