కైవారం తాతయ్య

చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలో కైవారం అనే ఊరుంది. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. ఇక్కడి అమరనారాయణస్వామి గుడి చాలా పాతది. ఈ ఊళ్ళోనే 1726లో కొండప్ప, ముద్దమ్మ దంపతులకు నారాయణప్ప జన్మించారని చెబుతారు.

వారిది గాజులమ్ముకొని బ్రతికే బలిజ కుటుంబం. నారాయణప్ప గాజుల మలారం భుజాన వేసుకొని పల్లెపల్లెకూ తిరిగేవారు. కాని ఆయనకు బేరం అబ్బలేదు. మనసు భజన మీద, చేయి గాజుల మీద ఉంటే లాభమెక్కడిది? చేతికి డబ్బు రాక ఇల్లు గడవడం కష్టమైంది. ఇల్లాలు కోపగించుకొనేదట. పిల్లల ఆకలి చూసే తల్లి కోపంలో తప్పేముంది?

అటువంటి రోజుల్లో పరదేశిస్వామి అనే గురువు ఆయనకు నారాయణ మంత్రం ఉపదేశించి, ఒక గులకరాయి ఇచ్చారట. దానిని నోట ఉంచుకొని జపం చెయ్యమనీ, అది కలకండగా మారిననాడు తపస్సు ఫలించినట్లనీ చెప్పారట. నారాయణప్ప ఊరి దగ్గరి కొండగుహలో తపస్సు చేశారు. రాయి కలకండ అయిందని భక్తులు నమ్ముతారు. గుహ నుండి వచ్చినవారు మళ్ళీ మలారం ఎత్తలేదు, పాట ఎత్తుకొన్నారు.

ఆ పాటలు తెలుగులోనూ ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి. ఇక్కడి ఇళ్ళలో తెలుగు, కచేరీలో కన్నడం మనకు కొత్త కాదు కదా! తాతయ్యకు రెండూ సొంత భాషలే. ఊరి దేవుణ్ణి తలచుకొంటూ 'అమరనారేయణ' అనే ముద్రతో కీర్తనలు, తత్త్వాలు, శతకాలు రచించారు. కులభేదం వద్దన్నారు; మనసు శుద్ధి లేని పూజ వ్యర్థమన్నారు. రాబోయే రోజులను గురించి కాలజ్ఞానం చెప్పారు. ఆయన జీవితకాలంలోనే, 1791లో, దగ్గరి నందిదుర్గం ఆంగ్లేయుల వశమైంది. పాలకులు మారుతున్నా పాటలు మాత్రం భజనగుంపుల నోట నిలిచాయి. చదువురానివారు కూడా విని నేర్చుకొని, పిల్లలకు నేర్పారు.

1836లో, 110వ ఏట, తాతయ్య కైవారంలో సజీవ సమాధి పొందారని భక్తుల విశ్వాసం. ఏటా గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. పేరున్న విద్వాంసులతోబాటు పల్లెల భజన బృందాలూ వస్తాయి. తంబురా, తాళాలతో రాత్రంతా తాతయ్య పదాలు పాడుతారు.